లైనక్స్ ఏ కమ్యూనిటీది?

చదువు అప్పుడే అయిపోయి, బతుకు ఇంకా సరిగా మొదలుకాని ఆ రోజుల్లో నా బ్యాగులో ఎప్పుడూ ఒక పెన్‌డ్రైవ్, నోట్లో ఎప్పుడూ ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉండేవి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపించే లైనక్స్. ఉపన్యాసం కూడా దాని గురించే. ఎవరైనా నా ముందు "మా కంప్యూటర్ స్లో అయింది" అనడమే ఆలస్యం, వాళ్ళ చేతిలోని చాయ్ చల్లారేదాకా వదిలేదాన్ని కాదు. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నన్ను, ఆ పిల్లను, పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా నాలుగు మాటలు చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు లెండి. ఊరికే ఇచ్చే మంచి వస్తువును జనం ప్రేమగా పుచ్చుకుంటారనీ, ఒళ్ళు దాచుకోకుండా చేసిన పని దానంతట అదే పేరు తెచ్చిపెడుతుందనీ ఆమెకు అంత గట్టి నమ్మకం. (ఆ నమ్మకం నాకు ఇప్పుడు లేదు. వరంగల్‌లో పోయింది, పట్టపగలు, డ్యూటీలో ఉండగానే.)

మాది డోర్నకల్. మా నాయిన రైల్వేలో ట్రాక్‌మన్. మేం ముస్లింలమే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగు. నమాజుకు అరబీ, పెళ్ళిపిలుపులకు ఉర్దూ, మిగతా బతుకంతా తెలుగే. ఉర్దూ మాట్లాడితే అర్థమవుతుంది కానీ చదవడం రాదు. ఎవరైనా ఉర్దూ పెళ్ళిపత్రిక చేతిలో పెడితే తలకిందులుగా పట్టుకున్నానేమోనని ముందు పక్కవాళ్ళను చూసి సరిచేసుకుంటాను. ఇంజనీరింగ్ అయ్యాక హైదరాబాద్ పంపడానికి ఇంట్లో ధైర్యం చాలలేదు. అందుకని పొద్దున్నే ప్యాసింజర్ బండెక్కి వరంగల్ వచ్చి, కొత్తవాడ వైపు పోయే రోడ్డు మీద, బట్టల దుకాణం పైన ఉన్న ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉద్యోగానికి కుదిరాను. హోదా ల్యాబ్ ఇన్‌ఛార్జి. చేరిన రోజు ఓనరు గారు "ఇది ఉద్యోగం అనుకోకమ్మా, నీ ఇల్లే అనుకో" అన్నారు. ఆ మాటలో ఎంత అర్థముందో రెండో రోజు చీపురు నా చేతికి వచ్చినప్పుడు తెలిసింది.

ఆ ఓనరును అందరూ సేటు సార్ అనేవాళ్ళు. పొద్దున మార్కెట్లో మిర్చి వ్యాపారం, సాయంత్రం ఇన్‌స్టిట్యూట్. ఆయన మెట్లెక్కుతుంటే ముందు మిర్చి ఘాటు పైకి వచ్చేది, దాని వెనక ఆయన వచ్చేవారు. ల్యాబులో పిల్లలు తుమ్మడం మొదలుపెడితే ఆటలు మూసేసి టైపింగ్ తెరిచేవాళ్ళు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట మొదట్లోనే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పబుద్ధి కాదు.

మా కంప్యూటర్లు ఎక్కడో మూతపడ్డ ఆఫీసులోంచి టోకున కొన్నవి. స్విచ్ వేసి, కిందికి దిగి చాయ్ తాగి, బట్టల దుకాణంలో చీరల రంగులు చూసి పైకి వచ్చినా తెర మీద ఆ గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉండేది. అన్నిట్లోనూ ఉన్నది ఒకే సీడీలోంచి ఎక్కించిన దొంగ విండోస్. ఆ సీడీ మా అకౌంట్స్ సార్‌ది. ఏ మిషన్ ఆగిపోయినా ఆయన సీడీ పట్టుకుని ఆపరేషన్ థియేటర్లోకి పోయే డాక్టర్‌లా వచ్చేవారు, పిల్లలు లేచి దారి ఇచ్చేవాళ్ళు. ఇంతలో మార్కెట్లో ఎవరో సేటు సార్ చెవిలో వేశారు: దొంగ సాఫ్ట్‌వేర్ వాడే చోట్లకు వచ్చి చెక్ చేస్తున్నారని. ఆ సాయంత్రం ఆయన చెమటలు తుడుచుకుంటూ వచ్చారు.

"కేసైతదంట గదమ్మా? పేపర్ల పేరు గూడ ఏస్తరంట. మార్కెట్ల నా ఇజ్జత్ ఏం గావాలె?"

నేను ఎదురుచూస్తున్న ఘడియ అది. "లైనక్స్ ఏద్దాం సార్. ఎవ్వరు ఏమడగరు. ఉచితం."

"ఉచితమంటే? మొదటి నెలనా?"

"ఎప్పటికి సార్."

సేటు సార్ నా ముఖంలోకి, బస్తాలోపల తడి మిర్చి ఉందేమోనని చూసినట్టు చూశారు. "ఊర్కెనే ఎందుకిస్తాండ్రమ్మా? ఇచ్చెటోనికి ఏమొస్తది?"

ఇక ఆగుతానా. లైనక్స్‌కు వైరస్ పట్టదనీ, అందులో చాలా రకాలున్నాయనీ, కొన్నిటిని కంపెనీలు నడిపిస్తాయనీ, నేను ఎంచుకున్నది మాత్రం ఏ కంపెనీదీ కాదనీ, ప్రపంచంలో ఎక్కడెక్కడి మనుషులో జీతం లేకుండా కలిసి చేస్తారనీ చెప్పి, చివరికి గొంతు పెంచి, "దీన్ని కమ్యూనిటీ నడిపిస్తది సార్. కమ్యూనిటోళ్ళే రాస్తరు, కమ్యూనిటోళ్ళే బాగుచేస్తరు, ఎవరికేం కష్టమొచ్చినా కమ్యూనిటోళ్ళే చూసుకుంటరు" అన్నాను.

సేటు సార్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. గొంతు తగ్గించారు. "ఏ కమ్యూనిటీ అమ్మా?"

మన దగ్గర ఆ మాటకు ఒక్కటే అర్థం, కులమో మతమో. బళ్ళో చేరిన నాటి నుంచి ప్రతి దరఖాస్తులో దానికొక గడి ఉంటుంది; ఆ గడి నింపకపోతే కాగితం ముందుకు కదలదు. ఆ సంగతి, నాలుగేళ్ళు ఇంగ్లిష్‌లో కంప్యూటర్ చదువుకున్న నాకు తట్టలేదు. "అన్ని దేశాలోళ్ళు సార్" అన్నాను.

"అదే, అన్ని దేశాల్ల ఉన్న... మీవాళ్ళా?"

నవ్వొచ్చింది, పెద్దగా నవ్వాను. ఆయన దాన్ని ఔననడం కింద తీసుకున్నారు. "నాకేం పట్టింపు లేదమ్మా. మా దుకాణంల హమాలీలు సగం మంది మీవాళ్ళే. పని మంచిగ జేస్తరు. కానియ్యి" అన్నారు. అనుమతి దొరికిన సంతోషంలో నేను ఆ మాటను సరిదిద్దకుండానే లేచి వచ్చేశాను.

బతుకమ్మ సెలవుల్లో పని పెట్టుకున్నాను. ఖాళీ బిల్డింగులో ఒక్కదాన్నే ఉంటానని నాయిన తన రెస్టు రోజు వదులుకుని నాతో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. పిల్లల ఫైళ్ళన్నీ ముందే వేరే డిస్కులోకి తీసిపెట్టుకుని, మొదటి మిషన్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చాను. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు బారులు బారులుగా పైకి పరుగెత్తాయి. మధ్యలో ఒకటి రెండు ఎర్రటివి.

"ఎర్రగొస్తాంది బిడ్డా, ఆపు!" నాయిన సగం లేచాడు.

"ఊకె హెచ్చరిక నాయినా, దాటిపోవచ్చు."

"ఎర్రదాన్ని దాటిపోవచ్చా?" అన్నాడు, నేను చదివిన చదువంతటి మీదా అప్పుడే నమ్మకం పోయినట్టు. తర్వాత కంప్యూటర్, హార్డ్ డిస్క్ మొత్తం తుడిచెయ్యాలా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న ముందు ఎంత లావు ఇంజనీరైనా గుటకలు మింగుతాడు. అదేమడుగుతోందో నాయినకు చదివి చెప్పాను. "ఇల్లు కూలగొట్టాల్నా అని అడిగినట్టున్నది. అయినా అడిగింది గదా, మర్యాదస్తురాలే" అన్నాడు. బిస్మిల్లా అనుకుని నొక్కాను. చాయ్ తాగి వచ్చేసరికి, నిజంగానే చాయ్ తాగి వచ్చేసరికే, కొత్త తెర నీలంగా వెలిగింది. నాయిన చప్పట్లు కొట్టాడు. నెట్ రాలేదు. నెట్ రావాలంటే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం కావాలి, ఆ ప్రోగ్రాం దించుకోవాలంటే నెట్ కావాలి. చప్పట్లు తిరిగి తీసుకోలేక నాయిన డబ్బా విప్పి నాకు అన్నం పెట్టాడు. నా ఫోన్‌ను వైరుతో కలిపి, దాని నెట్‌తో ఆ గండం దాటించాను.

సెలవులన్నీ అలాగే గడిచాయి. అన్నిటికంటే ఏడిపించింది తెలుగు. 'కొత్తవాడ' అని కొడితే ఒత్తు విడిపోయి, త పక్కన ఇంకో త అలిగి కూర్చున్నట్టు నిలబడేది. ఆ లైనక్స్ వాడేవాళ్ళంతా సందేహాలడిగే ఫోరం ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది, కమ్యూనిటీ అంటే అసలు అదే. అక్కడ ఇంగ్లిష్‌లో ప్రశ్న రాశాను. (హెడ్‌మాస్టరుకు సెలవు చీటీ రాసినట్టు 'గౌరవనీయులైన అయ్యలారా' అని మొదలుపెట్టి, 'మీ విధేయురాలు' అని ముగించాను.) మొదట వచ్చిన పెద్దమనిషి, ముందు వెతుక్కోకుండా అడుగుతావా అని కసిరాడు. రెండో ఆయన, కొత్తవాళ్ళను అలా కసరవచ్చా అని మొదటాయన మీద పడ్డాడు. మూడో ఆయన, మీ ఇద్దరి గొడవ ఇక్కడెందుకని ఇద్దరినీ తిట్టాడు. అచ్చం మా రైల్వే క్వార్టర్ల నల్లా దగ్గరున్నట్టే ఉంది. బిందె పెట్టినదాన్ని నేను మధ్యలో నిలబడే ఉన్నాను. ఆ మర్నాడు, గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్న ఎవరో, ఏ దేశమో తెలియదు, ఒక్క వాక్యంలో ఏ ఫాంట్ తీసేయాలో ఏది పెట్టాలో రాసి వెళ్ళిపోయారు. ఒత్తు వచ్చి త కింద బుద్ధిగా కూర్చుంది. ముక్కూ ముఖం తెలియని ఒక మనిషి, ఎప్పుడూ చూడని కొత్తవాడ కోసం, ఎప్పుడూ పలకని అక్షరాన్ని సరిచేసి పోయారని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కమ్యూనిటీ అంటే ఇదీ అనుకున్నాను. పిచ్చిపిల్ల.

సెలవుల తర్వాత పిల్లలు వచ్చి, స్విచ్ వేసి, అలవాటుగా చాయ్‌కి లేవబోయి ఆగిపోయారు. కంప్యూటర్ అప్పటికే సిద్ధంగా ఉంది! ఆ వారం రోజులూ నేను నేల మీద నడిచినట్టు గుర్తులేదు. పిల్లలతోపాటు కొత్తవాడ నుంచి దర్రీలు, అంటే జంపఖానాలు, నేసే ఒకాయన కూడా క్లాసుకు వచ్చేవాడు. నలభై దాటిన మనిషి, అందరికీ కొత్తవాడ అన్న. కొత్త సిస్టంలో గడులు గడులుగా బొమ్మలు వేసే ప్రోగ్రాం ఒకటి చూపిస్తే దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. "గిది మగ్గం లెక్కనే ఉన్నది మేడం, ఒక్కొక్క గడికి ఒక్కొక్క పోగు" అంటూ రంగులు మార్చి మార్చి దర్రీ అంచులు వేసి, ప్రింటు తీసి, గ్లాసు పెయింటింగ్ పట్టుకున్నంత జాగ్రత్తగా మెట్లు దిగేవాడు. ఆ ఒక్క సంగతి మాత్రం ఈ కథలో నాకు మిగిలిన లాభం.

రోగులు లేని డాక్టర్ పరిస్థితి అకౌంట్స్ సార్‌ది. సీడీ బీరువాలో పడిపోయింది. ఆయన అబద్ధాలేమీ చెప్పలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఊరికే ప్రశ్నలడిగేవారు. "ఎవరు జేసిండ్రో, లోపల ఏం బెట్టిండ్రో మనకు దెలుసా?" అని ఒకరోజు. "ఊర్కెనే ఇస్తాండ్రంటే ఏదో ఉంటది గదా?" అని ఇంకోరోజు. సేటు సార్ మార్కెట్లో ఎవరితోనో "మా దగ్గర మంచి సిస్టం పెట్టినం, సాయిబుల కమ్యూనిటీ తయారు జేసింది" అని గొప్పగానే చెప్పారట. ఈ రెండూ ఎక్కడో కలుసుకున్నాయి. దాని మీదికి ఒక ఫొటో వచ్చింది. సెట్టింగుల్లోకి వెళ్తే ఏ భాష కావాలో ఎంచుకోమని ఒక పొడుగాటి జాబితా కనిపిస్తుంది. దాన్ని ఎవరో ఫోన్‌లో తీశారు. అందులో లోకంలోని భాషలన్నీ ఉన్నాయి, తెలుగుతో సహా. కానీ ఫోన్లలో తిరిగింది ఉర్దూ ఉన్న ముక్క వరకే కత్తిరించిన బొమ్మ.

రిసెప్షన్‌లో కూర్చునే అక్క నాకు మెల్లగా చెప్పింది. "నువ్వు ఫికర్ జెయ్యకు చెల్లె. కానీ పొద్దటి సంది అడుగుతనే ఉన్నరు."

"ఏమని?"

"ఇక్కడ కంప్యూటర్ ఉర్దూల నేర్పుతరట గదా అని."

సాయంత్రం ఒక అమ్మాయి తండ్రి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. మర్యాదగానే నిలబడ్డాడు. "ఏమనుకోకు మేడం. మా పిల్లకు తెలుగు టైపింగ్ వస్తె సాలు. మీ భాష మంచిదే గానీ మాకేం పనికొస్తది?"

మీ భాష. చదవడం రాక పెళ్ళిపత్రిక తలకిందులుగా పట్టుకునే నాకు, ఒత్తు విడిపోయిందని కంటినిండా నిద్ర లేకుండా ఏడ్చిన నాకు, ఆయన నా భాష ఏదో చెప్పాడు. "నా భాష తెలుగే అన్నా" అన్నాను. "అవ్‌లే, మంచిగనే మాట్లాడుతవు" అని మెచ్చుకుని వెళ్ళాడు. ఆ మెప్పు ఇప్పటికీ మరిచిపోలేదు.

సేటు సార్ భయపడ్డారు. తల్లిదండ్రులను పిలిచి మీటింగ్ పెడదామన్నారు. నేను పంతంతో మొత్తం ల్యాబును తెలుగులోకి మార్చాను. ఆ లైనక్స్‌ను ఎవరో తెలుగువాళ్ళు, వాళ్ళూ జీతం లేకుండానే, మెనూలతో సహా అనువాదం చేసిపెట్టారు. కంప్యూటర్ మొత్తం తెలుగులో కనిపిస్తే ఇక ఎవరు మాట్లాడతారు? పెద్దవాళ్ళంతా వచ్చి, చెప్పులు బయట విడిచి, గుడికి వచ్చినట్టు నిలబడ్డారు. కొత్తవాడ అన్నను పిలిచి తెర మీద ఉన్నది పైకి చదవమన్నాను.

అన్న గొంతు సవరించుకున్నాడు. "దస్త్రం. సవరణ. వీక్షణం. అమరికలు. ని... నిష్క్రమణ." ఆగి నా వైపు చూశాడు. "గిదేం భాష మేడం?"

"తెలుగే అన్నా."

"మనదేనా?"

వెనక నుంచి ఒక పెద్దాయన, "దస్త్రమంటే?" అన్నాడు. ఫైలు అని చెప్పాను. "మరి ఫైలని తెలుగుల రాయొచ్చు గదా!" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకావిడ, "ఈ తెలుగు కన్న ఉర్దూనే నయముండె" అనడంతో గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. (ఆ మెనూ అంతట్లో ఉర్దూ నుంచి వచ్చిన మాట ఏదైనా ఉంటే అది ఆ దస్త్రమే. ఆ సంగతి ఆ రోజు నేను చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకో మీటింగ్ పెట్టాల్సి వచ్చేది.) మళ్ళీ అన్నిటినీ ఇంగ్లిష్‌లోకి మార్చాను. జనం ఇంగ్లిష్ చూసి ఊపిరి పీల్చుకున్నారు. అది ఎవరి కమ్యూనిటీదీ కాదు కాబోలు.

నవ్వు చాలా పని చేసింది. ఎవరూ పిల్లలను మాన్పించలేదు. సర్టిఫికెట్ పరీక్షలు వచ్చాయి. ఏటా పరీక్ష మధ్యలో మిషన్లు ఆగిపోయి పిల్లలు ఏడ్చేవారట, ఆ ఏడు ఒక్కటీ ఆగలేదు. సేటు సార్ గేటు మీద 'వైరస్ రాని ల్యాబ్' అని ఫ్లెక్సీ కట్టించారు. నా పని పక్కా అయిపోయిందనుకున్నాను. పరీక్షల తర్వాత ఒక సాయంత్రం ఆయన నన్ను పిలిచి కూర్చోమన్నారు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

"వైరస్ రాదంటివి గదమ్మా?"

"రాదు సార్."

"ఏటేట పైసలు గట్టేది లేదు?"

"లేదు సార్."

"ఏమన్న చెడిపోతే కమ్యూనిటోళ్ళే చూసుకుంటరు?"

"అవును సార్!" గర్వంగానే అన్నాను. నా ఉపన్యాసం ఇంత బాగా కంఠస్థం చేసినవాళ్ళు మరొకరు లేరు.

"మరి ఇగ ఇన్‌ఛార్జి ఎందుకమ్మా?"

వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. పాపం ఇబ్బందిగా బల్ల మీద లేని దుమ్ము తుడిచారు. "నువ్వు మంచి పిల్లవు. నిన్ను ఒక్క మాటన్నోళ్ళు లేరు. కానీ జూడు, పని గూడ అయిపోయె. మొన్నటి ముచ్చట గూడ ఉన్నది గదా, నీకెందుకు మాటవడుడు? ఎల్లుండి దాక వచ్చి, అకౌంట్స్ సార్‌కు జర అన్ని చూపిచ్చి పో."

పని అయిపోయిందని పంపారా, నా పేరు చూసి పంపారా? ఇన్నేళ్ళయినా నాకు తెలియదు. రెండు కారణాలనూ ఒకే ఊపిరిలో, ఏది ఎక్కువ ఏది తక్కువో తెలియకుండా కలిపి చెప్పారు, వ్యాపారస్తుడు కదా. ఒక్కటి మాత్రం నా కళ్ళెదురుగానే జరిగింది. లైనక్స్‌ను తీసెయ్యలేదు. అది ఎవరిదో, లోపల ఏముందో అన్న అనుమానాలన్నీ, అది ఊరికే వస్తుందని రుజువయ్యాక సర్దుకున్నాయి. కమ్యూనిటీ చేసిన సిస్టం ఉండిపోయింది, కమ్యూనిటీ పేరుతో అనుమానం పడ్డ మనిషే మెట్లు దిగింది.

ఆ మిగిలిన రోజుల్లో అకౌంట్స్ సార్ నా పక్కన స్టూలు వేసుకుని శ్రద్ధగా నేర్చుకున్నారు. "పాస్‌వర్డ్ జర నిదానంగ చెప్పమ్మా" అన్నారు. ఒక్క అక్షరం తప్పు చెప్పి పోదామని మనసు పీకింది. కానీ కొత్తవాడ అన్న దర్రీ బొమ్మలన్నీ ఆ మిషన్లలోనే ఉన్నాయి. అక్షరం అక్షరం విడదీసి, మళ్ళీ ఒకసారి కలిపి చెప్పి వచ్చాను. కింద బట్టల దుకాణం వాళ్ళు "సెలవులా మేడం?" అని అడిగారు. అవునన్నాను.

ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ ఏడ్చింది. నాయిన ఏడవలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, నాకు కొత్తగా కనిపించిన ఒక నిబ్బరంతో, "నువ్వు గా కమ్యూనిటీల మెంబరువేనా?" అని అడిగాడు.

"ఎకౌంట్ ఉన్నది నాయినా."

"మరింకేంది? గంత మంది ఉన్నరంటివి, అన్ని దేశాల్ల ఉన్నరంటివి. యూనియన్ ఉండంగ ఒక్కదాన్ని అన్యాయంగ తీసేస్తరా? ఉన్నదున్నట్టు రాయి. వాళ్ళు ఊకుంటరా?"

ముప్పై ఏళ్ళు పట్టాల మీద పనిచేసిన మనిషి, యూనియన్ అంటే ప్రాణం. కమ్యూనిటీ అన్న మాటకు సేటు సార్ ఒక అర్థం చెప్పుకుంటే, నాయిన ఇంకో అర్థం చెప్పుకున్నాడు. మూడో అర్థం నాది. నాదే నిజమని నిరూపించుకోవడానికో, లేక ఒక్కసారి నాయిన చెప్పిందే నిజం కావాలనో, ఫోరంలో రాశాను. ఈసారి గౌరవనీయులూ విధేయురాలూ లేరు. ఏం చేశానో, ఏం జరిగిందో రాశాను. కాసేపటికే ఫోరం చూసుకునేవాళ్ళు కింద ఒక వాక్యం పెట్టారు: ఇది సాంకేతిక సహాయానికి సంబంధించిన చర్చ కాదు కనుక మూసివేస్తున్నాం. ఆ వాక్యం పక్కన చిన్న తాళం బొమ్మ. గుడ్లగూబ మాత్రం విడిగా ఒక సందేశం పంపింది. 'విచారకరం. అక్షరాలు ఇప్పుడు సరిగానే కనిపిస్తున్నాయా?' కనిపిస్తున్నాయని రాశాను. నిజమే కదా.

తాళం సంగతి నాయినకు చెప్పలేకపోయాను. డ్యూటీ దిగి రాగానే, సైకిల్‌కు స్టాండ్ వెయ్యకముందే, "ఏమన్నరు?" అని అడిగేవాడు. "మీటింగ్ వెట్టుకుంటాండ్రు నాయినా" అనేదాన్ని. "మీటింగంటే జర టైం వడ్తది. అన్ని దేశాలోళ్ళు గూడాలె గదా" అని తల ఊపేవాడు. తెలిసినవాడిలా, ఏ మాత్రం తొందర లేకుండా. నేను హన్మకొండలో, కాజీపేటలో, చివరికి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలకు తిరిగాను. ఒక్కోచోట దరఖాస్తు మీద నా పేరు చూశాక వాళ్ళ గొంతు మారడం వినడం నేర్చుకున్నాను. ఎండలు ముదిరాక, హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం ఒకటి దొరికింది. ఎవరి సిఫారసూ లేదు, ఎవరి తోడూ లేదు. అడిగినవాటికి జవాబు చెప్పాను, తీసుకున్నారు, అంతే.

ఆ వార్త వినగానే నాయిన రెండు చేతులూ పైకెత్తి, "నేను జెప్పలే?" అన్నాడు. "మీటింగ్ల తేల్చిండ్రన్నట్టు!" క్వార్టర్లంతా తిరిగి, తన బిడ్డను తీసేస్తే అన్ని దేశాల కమ్యూనిటోళ్ళు కూడి, తీర్మానం చేసి, అంతకన్న పెద్ద ఉద్యోగం ఇప్పించారని చెప్పి వచ్చాడు. కాదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి మూసుకున్నాను. ఇప్పుడు నాయిన రిటైరై నాతోనే ఉంటున్నాడు. చుట్టాలెవరు వచ్చినా ఆ మీటింగ్ గురించి చెబుతాడు, ఏటికేడు దానికి వచ్చిన దేశాలు పెరుగుతున్నాయి. మొన్న రష్యావాళ్ళు కూడా చేరారు. నేను వంటింట్లో చాయ్ పోస్తూ వింటుంటాను. పెన్‌డ్రైవ్ పట్టుకుని మనుషుల వెంట పడ్డ ఆ పిల్ల తరఫున, ఎప్పుడూ జరగని ఆ సభలో, అంతమంది లేచి నిలబడి మాట్లాడుతుంటే, చేదుగానే అయినా, నవ్వొస్తుంది. మాట్లాడనిస్తాను. ఆమె కోసం ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.